పట్టుకోవడానికీ అప్పగించడానికీ మధ్య

మన పత్రికల జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి మారని వాక్యం ఒకటుంది: ‘దొంగను స్థానికులు పట్టుకుని, దేహశుద్ధి చేసి, పోలీసులకు అప్పగించారు.’ ఇందులో మొదటి పనికి చట్టంలో కొంత చోటుంది. చివరిది చట్టం చెప్పిన బాధ్యతే. మధ్యలోది నేరం. దానికే మనం ఓ ముద్దుపేరు పెట్టుకుని, చదివి నవ్వుకుంటాం. ‘కాలనీవాళ్లమే వంతులేసుకుని గస్తీ తిరుగుదాం’ అనే మాట వినిపించినప్పుడల్లా నాకు ఆ దేహశుద్ధే గుర్తొస్తుంది.

గస్తీ ఆలోచన వట్టి చాదస్తం అనడం లేదు. సంక్రాంతికి సగం వీధి తాళాలేసుకుని ఊరెళ్తుంది. ఓ బీట్ కానిస్టేబుల్ ఎన్ని కాలనీలని తిరుగుతాడు? 2021 డిసెంబరులో విజయవాడ చుట్టుపక్కల చెడ్డీ గ్యాంగ్ వరసగా ఇళ్ల మీద పడ్డప్పుడు ఊరి చివర అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు కంటి మీద కునుకు లేకపోయిందంటే ఆశ్చర్యం లేదు. అలాంటి రాత్రి నలుగురు మగాళ్లు టార్చిలైట్లు పట్టుకుని కిందకి దిగితే కాదనడానికి నోరు రాదు.

పైగా ఇది మనకు కొత్తా? పల్లెల్లో తలారి ఉండేవాడు. ఎవరింటికి ఏ చుట్టం వచ్చాడో, ఎవరి దొడ్లో ఏ పశువుందో అతనికి తెలుసు. పంట నూర్చాక అతని వాటా గింజలు అతనికి అందేవి. పాత కావలి పద్ధతిలో ఇంకో మెలిక ఉంది: సొత్తు పోయి దొరక్కపోతే ఆ నష్టం కావలివాడే కట్టుకోవాలి. కాపలా కాసేవాడు ఎవరికో ఒకరికి జవాబు చెప్పుకోవాల్సిందే. నేటి వాట్సాప్ గస్తీ ఎవరికి జవాబు చెబుతుంది?

అమెరికాలో ‘నైబర్‌హుడ్ వాచ్’ అనే ఇరుగుపొరుగు కాపలా పథకాన్ని అక్కడి షెరిఫ్‌ల (స్థానిక పోలీసు అధిపతుల) సంఘం 1972లో దేశమంతటికీ విస్తరించింది. పదేళ్లకు, 1982లో, ఇంగ్లండ్ మోలింగ్టన్ గ్రామంలో ఆ దేశపు తొలి బృందం మొదలైంది. ఇలాంటి పథకాలపై జరిగిన అధ్యయనాలన్నీ జల్లెడపట్టిన ఓ సమీక్ష 2008లో వచ్చింది. బృందాలున్నచోట నేరాలు 16 నుంచి 26 శాతం వరకు తగ్గాయని అందులో తేలింది. చిన్న సంఖ్యేమీ కాదు. అయితే ఆ పథకాల అసలు పని దొంగల్ని తరమడం కాదు. పక్కింటివాళ్లు ఊరెళ్తే ఓ కన్నేసి ఉంచడం, సామాన్ల మీద గుర్తులు వేసుకోవడం, తేడాగా ఏదన్నా కనిపిస్తే పోలీసులకు ఫోన్ చేయడం. అంతే. పరిశోధకులు గమనించిన ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ బృందాలు సొంతిళ్లవాళ్లుండే స్థిమితమైన పేటల్లో సులువుగా వేళ్లూనుకుంటాయి, నేరాలు ఎక్కువగా ఉండే పేద వాడల్లో నిలదొక్కుకోవు. కాపలా అక్కర ఎక్కువున్నచోట కాపలా తక్కువన్నమాట.

గీత దాటితే ఏమవుతుందో 2012 ఫిబ్రవరి 26న ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో లోకం చూసింది. దుకాణంలో మిఠాయి కొనుక్కుని వస్తున్న ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రాడు అక్కడి వాచ్ వాలంటీర్ జార్జ్ జిమ్మర్‌మన్ కంటికి అనుమానాస్పదంగా కనిపించాడు. జిమ్మర్‌మన్ పోలీసులకు ఫోన్ చేశాడు. అక్కడిదాకా సరే. వెంబడించాల్సిన పని లేదని అవతల నుంచి చెప్పారు కూడా. కాసేపటికే పెనుగులాట, తుపాకీ పేలుడు, కుర్రాడి చావు. మరుసటి ఏడాది జ్యూరీ జిమ్మర్‌మన్‌ను నిర్దోషిగా వదిలేసింది.

అంత దూరం ఎందుకు, 2018 మే నెల చాలు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని, ‘పార్థీ గ్యాంగ్’ దిగిందని తెలంగాణ ఊళ్లలో వాట్సాప్ మోగిపోయింది. కర్రలతో రాత్రి కాపలాలు మొదలయ్యాయి. బీబీనగర్ మండలంలో బంధువుల్ని చూడటానికి వచ్చిన ఆటోడ్రైవర్‌ని కొట్టి చంపారు. రంజాన్ మాసంలో యాచించుకోవడానికి వచ్చిన ఓ ట్రాన్స్‌జెండర్ మహిళ హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో గుంపు చేతిలో ప్రాణాలు పోగొట్టుకుంది. ఆ గుంపుల్లో ఎవర్ని అడిగినా ‘మా పిల్లల కోసమే’ అని ఉండేవారు.

అదే రోజుల్లో జోగులాంబ గద్వాలలో ఇంకోలా జరిగింది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి తన పరిధిలోని సుమారు 400 గ్రామాలను కానిస్టేబుళ్లకు దత్తత ఇచ్చినట్టు పంచారు. పోలీసులే ఊళ్లకు వెళ్లి డప్పు కొట్టి, పాట కట్టి, వాట్సాప్‌లో తిరిగే వీడియోలు ఎలా అబద్ధమో చెప్పారు. అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు. అక్కడా జనం మెలకువగానే ఉన్నారు. తేడా ఏమిటంటే, అనుమానం రాగానే ఫోన్ చేయడానికి పేరూ మొహమూ తెలిసిన ఒక కానిస్టేబుల్ వాళ్లకున్నాడు.

ఇక గస్తీవాళ్లు అనుమానించే ‘కొత్త మొహం’ సంగతి. ‘పార్థీ’ అన్న పేరు గాలిలోంచి రాలేదు, అదొక సంచార తెగ పేరు. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాల్ని పుట్టుకతోనే దొంగలుగా రాసేసింది. మన బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా ఎరుకలవారి కోసం కట్టిన సెటిల్‌మెంటే. 1952లో చట్టం పోయింది, ఆ ఊరి పేరు చెబితే వచ్చే వెకిలి నవ్వు మాత్రం ఇప్పటికీ పోలేదు. చిత్తుకాగితాలు ఏరుకునే ఆడమనిషినీ, దుప్పట్లమ్మే పరదేశినీ ఆపి ఆధార్ అడిగే గస్తీ, ఫార్చ్యూనర్‌లో వచ్చినవాణ్ని అడగదు.

చట్టం చెప్పేది సూటిగానే ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ కింద మామూలు మనిషి ఎవర్నయినా పట్టుకోవాలంటే, బెయిలు దొరకని, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం తన కళ్ల ముందే జరగాలి, లేదా ఆ వ్యక్తిని పరారీ నేరస్థుడిగా కోర్టు ప్రకటించి ఉండాలి. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఆరు గంటలు దాటకుండా అప్పగించాలి. ‘వాడి వాలకం తేడాగా ఉంది’ అన్నది ఈ సెక్షన్లో ఎక్కడా లేదు. ఆరు గంటలన్నది పోలీసుస్టేషన్ దాకా తీసుకెళ్లడానికి ఇచ్చిన గడువు, కరెంటు స్తంభానికి కట్టేయడానికి కాదు.

కాబట్టి కాలనీ సంఘాలు కర్రలు కొనడం మానేసి, ఎవరెప్పుడు ఊరెళ్తున్నారో ఒక పుస్తకంలో రాసుకుంటే మేలు. వెలగని వీధిదీపం మీద ఫిర్యాదు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే తాళం వేసిన ఇంటికి పోలీసులే కెమెరా పెట్టే ఎల్‌హెచ్ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) ఉంది, అడగాలి. బీట్ కానిస్టేబుల్‌ని నెలకోసారి టీకి పిలవాలి. వీటిలో వీరత్వమేమీ లేదు, గ్రూపులో ఫొటో పెట్టుకోవడానికీ పనికిరావు.

మా అపార్ట్‌మెంట్‌లోనూ గస్తీ కోసం గ్రూపు పెట్టారు. రాత్రంతా నిజంగా మేలుకుని ఉండేది మెట్ల కింది గదిలో భార్యాపిల్లలతో ఉంటున్న వాచ్‌మన్ ఒక్కడే. ఏ కారు ఎవరిదో, ఏ ఇంటికి పనిమనిషి రాలేదో చెప్పగలిగేదీ అతనే. ఎవరింట్లోనైనా గొలుసు కనపడకపోతే అందరూ ముందు చూసేదీ అతని గదివైపే. గ్రూపులో 62 మందిమి ఉన్నాం. మొన్న వెతికి చూశాను, అతని నంబర్ లేదు.