కెమెరాని తిడితే అదురు తగ్గుతుందా?

బైక్ హ్యాండిల్‌బార్‌కి కెమెరా బిగించి, వీడియో జెల్లీలా వణికిందని కెమెరానే తిడతారు! సెన్సార్ ఫ్రేమ్‌ని వరస వరసగా చదువుతుంది. ఆలోపే ఇంజిన్ అదిరిస్తే నిలువు గీతలన్నీ వంకర్లే. ఎడిటింగ్‌లో ఎంత రుద్దినా ఆ వంకర పూర్తిగా పోదు. ఛాతీ పట్టీకో, హెల్మెట్ గడ్డం దగ్గరో పెట్టండి బాబూ, చాలా అదురుని ఒళ్లే మింగేస్తుంది. కెమెరా బిగించే మౌంట్‌కి మూడు ఎక్స్‌టెన్షన్లు తగిలించడం ఇంకో పైత్యం. మౌంట్ చెయ్యి పొడుగైనకొద్దీ ఊపూ పెరుగుతుంది. పైగా కుదుపు సరిచేసే స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉండగా, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి! దాంతో షట్టర్ వేగం 1/120 సెకనుకి దిగితే ప్రతి గుంతకీ బొమ్మ అలుక్కుపోతుంది. కుదుపు సరిచేసినా మసక మిగులుతుంది. సెకనుకి 60 ఫ్రేముల వీడియోకి కనీసం 1/480 ఉంచండి. చెట్ల నీడలో ఆటో షట్టర్ పడిపోతుంది, అక్కడ ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందించే స్థాయి) పెంచక తప్పదు. ఇక ఫోన్‌నే హ్యాండిల్‌కి కట్టే మహానుభావులు! ఆ అదురుకి ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది.