రేవతీదేవి తరఫున సవినయ మనవి

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ను తప్పుపట్టడం తెలుగునాట ఇంచుమించు రాజద్రోహంతో సమానం కనుక, ఆ చిత్రంలోని పాటల మీదగానీ, మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెల మీదగానీ, సావిత్రిగారి కనుబొమల మీదగానీ నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదని ముందే రాసి ఇస్తున్నాను. నా పేచీ అంతా అందులోని పాత్రలు తీసుకున్న నిర్ణయాలతోనే. నేను ప్రొద్దుటూరులో ఇరవై ఎనిమిదేళ్ళుగా దస్తావేజులు రాసి బతుకుతున్నవాణ్ణి. ఎవరు ఎవరికి ఏం రాసిచ్చారు, రాసిచ్చేనాటికి స్వస్థచిత్తంతో ఉన్నారా, ఎవరైనా వెనకనుంచి ఎగదోసి రాయించారా అన్నది ముఖం చూసి పసిగట్టలేనివాడు ఈ వృత్తిలో నాలుగు రోజులు కూడా నిలబడలేడు. అదే కళ్ళజోడుతో ఆ సినిమాను ఇప్పటికి ముప్పైసార్లకు పైగా చూశాను. జనం చప్పట్లు కొట్టి నమ్మే నిర్ణయాల్లో ఒక్కటీ నమ్మదగ్గది కాదని, జనం శాపనార్థాలు పెట్టే నిర్ణయం మాత్రం నూటికి నూరుపాళ్ళు నమ్మదగ్గదని తేల్చుకున్నాను. ఆ నిర్ణయం బలరాముడి భార్య రేవతీదేవిది.

ఇందులో తల దూర్చే హక్కు నీకెక్కడిదని అడిగేవారుంటారు. దర్శకులు కె.వి. రెడ్డిగారు తాడిపత్రిలో పుట్టినవారు. చక్రపాణిగారితో కలిసి చిత్రాన్ని నిర్మించిన నాగిరెడ్డిగారు మా కడప జిల్లా పొట్టిపాడువారు. వీరందరికంటే చాలా ముందు, 1885లో, ఇదే జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సమాజంవారు ఈ మాయాబజారు కథనే తీగల మీద మనుషులను ఎగరేసి ఊరూరా ఆడారు. కాబట్టి ఇది మా ఇంటి ఆస్తి తగాదా వంటిది. బయటివారి ఆక్షేపణలు చెల్లవు. (సందర్భం వచ్చింది కనుక మరో మాట. దాయాదుల పగ మీద ఇద్దరు సీమ మనుషులు మూడు గంటల సినిమా తీస్తే అందులో ఒక్క ప్రాణమూ పోలేదు, ఒక్క సుమో కూడా గాల్లోకి లేవలేదు. లేచింది రేవతి కూతురు శశిరేఖ పడుకున్న మంచమొక్కటే. సీమ మీద సినిమాలు తీసేవారు ఈ సంగతి ఎక్కడైనా రాసిపెట్టుకుంటే బాగుంటుంది.)

ఇక వ్యవహారంలోకి వస్తాను. అభిమన్యుడు, శశిరేఖ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు బలరాముడు తన చెల్లెలు సుభద్రకు మాట ఇచ్చాడు, మా పిల్లను నీ కొడుక్కే ఇస్తానని. ఇచ్చింది నోటిమాట. స్టాంపు కాగితం లేదు, సాక్షి సంతకం లేదు, ఫలానా కాలంలోగా అనే గడువూ లేదు. ఆ తరువాత వరుడి పెదనాయన ధర్మరాజు జూదంలో కూర్చుని, ఇంద్రప్రస్థాన్ని చెక్కుబందీ సహా దాన విక్రయాది సమస్త హక్కులతో అవతలివారికి ఒప్పగించి, తమ్ముళ్ళను వెంటబెట్టుకుని పన్నెండేళ్ళ వనవాసానికీ, ఆపైన ఏడాది అజ్ఞాతవాసానికీ బయలుదేరాడు. పెళ్ళికొడుకు తల్లితో సహా మేనమామల ఇంట్లో ఉంటున్నాడు. చదువు చూద్దామా అంటే అదీ సగమే. పద్మవ్యూహంలోకి పోవడం వచ్చు, బయటికి రావడం రాదు. మొదటి సంబంధం ఇలా ఉండగా హస్తినాపురం నుంచి, రాజ్యం చేతిలో ఉన్న ఇంటి నుంచి, దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికని రెండో సంబంధం వచ్చింది. రేవతీదేవి చేసిన ఘోరమల్లా ఆస్తి కొనే ముందు ఎవరైనా చేసే పనే. ఈసీ, అంటే ఆస్తి మీద చిక్కులేమున్నాయో చెప్పే కాగితం, తీయించి చూసింది.

పైగా వ్యాసభారతంలో శశిరేఖ ఊసే లేదు. ఉన్నది ఉత్తర. అజ్ఞాతవాసం ముగియడంతోనే అభిమన్యుడు విరాటరాజు కూతురిని పెళ్ళాడాడు. కురుక్షేత్రంలో పదమూడో నాడు లక్ష్మణకుమారుడు ఇదే అభిమన్యుడి చేతిలో పోయాడు. పొద్దు గుంకేలోపల అభిమన్యుడూ పోయాడు. అంటే పిల్లను ఇద్దరు వరుల్లో ఎవరికిచ్చినా ఫలితం ఒకటే, తేదీ కూడా ఒకటే. అలాంటప్పుడు నగలు ఎక్కువ పెట్టేవారికి ఇవ్వడంలో తప్పేమిటో ఇన్నిసార్లు చూసినా నాకు తెలిసిరాలేదు.

నగల మాట వచ్చింది కనుక ప్రియదర్శిని సంగతి చెప్పాలి. ఆ పెట్టె తెరిచి చూసినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు, బలరాముడికి దుర్యోధనుడు కనిపించాడు, రేవతికి నగలు కనిపించాయి. అక్కడ హాలంతా గొల్లుమంటుంది. బంగారం అంగళ్ళకు పేరుబడిన మా ప్రొద్దుటూరులో కూర్చుని ఆ దృశ్యానికి నవ్వే యోగ్యత ఎవరికుందో నాకు చెప్పండి. ఆ పెట్టెను తెచ్చి అక్షయ తృతీయ నాడు అంగళ్ళ వీధి మొదట్లో బల్లవేసి పెట్టి, వచ్చిన ఆడామగా అందరినీ ఒక్కొక్కరుగా తొంగి చూడమనండి. అందులో మేనల్లుడి ముఖం కనిపించినవారు ఎంతమందో నేనే దగ్గరుండి లెక్క రాసిపెడతాను, ఒక్క రూపాయి ఫీజు తీసుకోను. అన్నట్టు, అదే పెట్టెలోకి కృష్ణుడు చూస్తే శకుని కనిపించాడు. దానికి మాత్రం ఎవరూ ముఖం చిట్లించరు, లీల అంటారు.

బలరాముడి నిర్ణయం కూడా నమ్మదగ్గదేనని ఒప్పుకోవాలి. పాండవులకు జరిగిన అన్యాయాన్ని నిలదీస్తానని హస్తినాపురం వెళ్ళి, అక్కడ సన్మానం చేయించుకుని, పొగడ్తలకు ఉబ్బి, కూతురిని ఇస్తానని మాటిచ్చి తిరిగొస్తాడు. నిలదీయడానికి పోయి శాలువా కప్పించుకుని వచ్చే పెద్దమనుషులను చూడటానికి మనం ద్వాపరయుగం దాకా పోనక్కరలేదు.

కృష్ణులవారి నిర్ణయాల దగ్గరకు వచ్చేసరికి కలం కొంచెం వణుకుతుంది. ఆ ముఖం రామారావుగారిది కావడమే కారణం. అయినా వృత్తిధర్మం వదలకూడదు. సత్యపీఠమని ఒక పీఠం ఉంది. దాని మీద నిలబడినవాడు కడుపులో ఉన్నది ఉన్నట్టు కక్కేస్తాడు. శకుని ద్వారక గడప తొక్కిన క్షణంలోనే కాళ్ళు కడుక్కోవడానికన్నట్టు దాన్ని వాల్చి ఉంటే, యాదవుల సైన్యబలం కోసమే ఈ సంబంధం కలుపుకుంటున్నామని ఆ మనిషే నోరారా చెప్పేవాడు, వ్యవహారం ఆ పూటతో ముగిసేది. అన్నీ తెలిసిన కృష్ణుడు అలా చేయలేదు. చెల్లెలినీ మేనల్లుడినీ అడవిదారి పట్టించి, అక్కడ ఘటోత్కచుడితో కలిపించి, ఒక రాక్షసుణ్ణి ఆడపిల్ల వేషంలో ఇంట్లోకి తెప్పించి, లేని నగరాన్ని కట్టించి, వియ్యాలవారిని అందులో దింపి, చిట్టచివరికి, అందరి పరువూ పోయాక, ఆ పీఠం మీదికి శకునిని ఎక్కించాడు. పక్క వీధిలో ఉన్న కాగితాన్ని తేవడానికి కాశీకి పోయి వచ్చే ఇలాంటి కక్షిదారులు నాకూ ఉన్నారు గానీ, వారినెవరూ దేవుళ్ళనరు.

ఈ మాట ఎత్తినప్పుడల్లా మిత్రులు ఆ సినిమాలోని మాటనే తెచ్చి నా నోరు మూయిస్తారు, రసపట్టులో తర్కం కూడదని. పింగళి నాగేంద్రరావుగారి కలానికి నేనూ దండం పెడతాను. కానీ దస్తావేజుల్లో దీన్నే ‘సదరు ఆస్తిపై ఎట్టి వివాదములు లేవు’ అని రాస్తాం. అమ్మేవాడు కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే ఆ వాక్యం రాయమని తొందరపెట్టాడంటే, ఆ ఆస్తికి కనీసం రెండు కోర్టుల్లో వివాదం ఉన్నట్టు లెక్క.

ప్రేమికుల గురించి ఎక్కువ రాయను. ఉన్న ఒక్క పడవలో అదే ఏటి మీద అదే పాటకు వాళ్ళూ, కృష్ణుడు రుక్మిణీ, బలరాముడు రేవతీ వంతులవారీగా విహరించినంతసేపు, నాయనా, నాకు బావే కావాలి అని ఆ పిల్ల తండ్రితో ఒక్క ముక్క అని ఉంటే సరిపోయేది. అనలేదు. వెన్నెల అలాంటిది.

రాత్రికి రాత్రి లేచిన నగరంలో కౌరవులు మారుమాట లేకుండా విడిది దిగడం అసంభవమని కొందరంటారు. ఆ ఒక్క విషయంలో నేను కె.వి. రెడ్డిగారి పక్షం. మా ఊరి చుట్టూ నిన్నటిదాకా చెనిక్కాయ పండిన చేలల్లో తెల్లారేసరికి ఆర్చీలు, రంగురంగుల జెండాలు, పిచ్చిమొక్కల మధ్య ‘క్లబ్ హౌస్’ బోర్డులు లేస్తున్నాయి. సర్వే నంబరు అడగకుండా అడ్వాన్సు కట్టి, అక్కడ పరిచింది తివాచీయో, ఆ సినిమాలోని మాయ గింబళియో కూర్చున్నాక తెలుసుకునే మహానుభావులు వారానికి ముగ్గురు నా దగ్గరకు వస్తున్నారు. ఇక ఘటోత్కచుడు పెళ్ళిపనికని వచ్చి ముందుగా విందునంతా ఊడ్చేయడం మీద నాకు ఏ ఆక్షేపణా లేదు. పెళ్ళికి పోయినవాడు మొదట చేయవలసింది అదే.

కన్నకూతురు మారిపోయి ఆ స్థానంలో రాక్షసుడు తిరుగుతుంటే తల్లికి తెలియదా అన్నది అందరూ అడిగే ప్రశ్న. తెలియదు. అప్పటిదాకా కన్నీళ్ళు పెట్టుకుని మంచం దిగని పిల్ల ఉన్నట్టుండి బుద్ధిగా తలదువ్వించుకుని, నగలు పెట్టుకుని, పెళ్ళికి సిద్ధమైతే, నువ్వెవరు, మా అమ్మాయిని ఏం చేశావు అని నిలదీసే తల్లి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. చెప్పినమాట వినే పిల్లను ఎవరూ అనుమానించరు.

ఈ మనవిలో నాకు స్వంత ప్రయోజనం లేదని రాయాలనుకున్నాను గానీ, అబద్ధపు ప్రమాణపత్రం రాయడం నేరం కనుక నిజం చెప్పేస్తాను. మా అక్కకు ఒక కూతురు. ఆ పాప ఉయ్యాలలో ఉన్నప్పుడే మా బావ తన చెల్లెలికి మాట ఇచ్చాడు, నీ కొడుక్కే చేస్తానని. రెండేళ్ళ కిందట ఆ చెల్లెలి మొగుడు పేకాటలో మూడెకరాల చీనీ తోట పోగొట్టుకున్నాడు. పోయినవారం బెంగళూరు నుంచి వేరే సంబంధం వచ్చింది. పిల్లవాడికి అక్కడ సొంత ఫ్లాటు ఉంది. మాట్లాడేటప్పుడు ఎదుటివారి ముఖం చూడకుండా సెల్లు అద్దంలో తన జుట్టు సర్దుకునే అలవాటూ ఉంది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అందరం మా అక్క ఇంట్లో ఉన్నాం. టీవీలో ఈ సినిమానే వస్తోంది. అక్క ఫోను తీసుకుని వంటింట్లోకి పోయి, ఆడబిడ్డకు ఆ మాటా ఈ మాటా చెప్పి, జాతకాలు కుదరలేదని తేల్చేసి, వచ్చి కూర్చుంది. తెర మీద రేవతీదేవి ఆడబిడ్డ సుభద్రను ఈసడిస్తోంది. అక్క చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, “చూడ్రా, ఎట్ల మాట్లాడతాందో! మాటిచ్చి తప్పే మనుషులు బాగుపడరు,” అంది. బావ అవునన్నట్టు తల ఊపాడు. నేను ఓళిగ నోట్లో పెట్టుకున్నాను. రాసేవాడు కక్షిదారుల ఎదుట అభిప్రాయం చెప్పకూడదు.

మా మేనకోడలు అంతకు ముందు రెండు రోజులు తలుపు వేసుకుని ఏడ్చిందట. ఆ ఆదివారం పొద్దున లేచి, తలంటుకుని, పట్టుచీర కట్టి, మల్లెపూలు పెట్టుకుని, బెంగళూరు సంబంధం తనకు సమ్మతమేనని తనంతట తానే చెప్పిందట. ఇప్పుడు అక్క పక్కనే కూర్చుని ఓళిగలు తింటోంది. ఎప్పుడూ ఒకటి తిని చాలనే పిల్ల నాలుగు ముగించి ఐదోదానికి చెయ్యి చాపింది. “మా పాపకు బుద్ధి వచ్చిందిరా అబ్బీ,” అని అక్క మురిసిపోయి నెయ్యి ఇంకొంచెం వేసింది. టీవీలో మాయాశశిరేఖ అద్దం ముందుకు వచ్చి పెళ్ళిపాట అందుకుంది. మేనకోడలు కూడా సన్నగా గొంతు కలిపింది. ఎందుకోగానీ ఆ గొంతు నడుమ నడుమ బొంగురుపోతున్నట్టు అనిపించింది. నేను కళ్ళజోడు సవరించుకుని, ఎవరూ గమనించకుండా కొంచెం ముందుకు వంగి, చీర కుచ్చిళ్ళ కింద ఆ పిల్ల పాదాల వైపు చూశాను.