చావూ పన్నూ తప్పవట!

ఫిబ్రవరి, మార్చి జీతాల్లో టీడీఎస్ (జీతం చేతికి రాకముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోత చూసి ఎవరైనా ఉసూరుమంటే చాలు, పక్క సీటు నుంచి ఒక మాట వచ్చి పడుతుంది: "డెత్ అండ్ ట్యాక్సెస్ బ్రో, ఈ రెండూ ఎవడికీ తప్పవు." జులైలో రిటర్నుల గడువు దగ్గరపడితే అదే వాట్సాప్ స్టేటస్. ఇంటి పన్ను పెరిగినా అదే మాట, చివరికి టోల్ గేటు దగ్గర కూడా అదే (టోల్ పన్ను కాదు మహాప్రభో, రుసుము). విన్నవాళ్లు ఓ నవ్వు నవ్వి ఎవరి పనిలో వాళ్లు పడతారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. చావునీ పన్నునీ ఒకే గాటన కట్టడం ఏంటసలు? చావు ఎవడూ జీవో ఇచ్చి తెచ్చింది కాదు. పన్ను ఒకరు సంతకం పెడితే వస్తుంది, ఇంకొకరు సంతకం పెడితే పోతుంది.

ఈ మాటకి ఇంత పరువు రావడానికి అమెరికా దేశ నిర్మాతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరే కారణం. 1789 నవంబరులో ఫ్రాన్సులోని స్నేహితుడు జాన్ బాప్టిస్ట్ లెరోయ్‌కి ఉత్తరం రాస్తూ, మా కొత్త రాజ్యాంగం నిలబడేలాగే కనిపిస్తోంది గానీ ఈ లోకంలో చావు, పన్నులు తప్ప ఖాయమని చెప్పదగ్గది ఏదీ లేదు అన్నాడు. నిజానికి ఆయనకి అరవై డెబ్బై ఏళ్ల ముందే ఇంగ్లండులో ఈ మాట అచ్చులో ఉంది. అసలు గమ్మత్తు అది కాదు. పన్ను ఖాయం అన్న ఈ పెద్దమనిషే 1766 ఫిబ్రవరిలో లండన్ పార్లమెంటులో నిలబడి, సభ్యులు అడిగిన ప్రశ్నలకి వరసగా జవాబులిస్తూ, అమెరికా వలసల మీద మీరు వేసిన స్టాంపు పన్ను మావాళ్లు కట్టరుగాక కట్టరు అని చెప్పాడు. మార్చికల్లా ఆ చట్టం రద్దయింది. ఒక పన్ను ఎలా పోతుందో కళ్లారా చూసినవాడు ఎప్పుడో ముసలితనంలో స్నేహితుడికి సరదాగా రాసిన ముక్కని మనం వేదవాక్కులా మోస్తున్నాం.

పోనీ మన పెద్దవాళ్లు పన్ను తప్పదని తల వంచుకుని కూర్చున్నారా అంటే అదీ లేదు. చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచేస్తే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద 1921లో జనం ఇళ్లకి తాళాలేసి ఊరి బయట రామ్‌నగర్ అని పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు, ఎండకి ఎండి వానకి తడిసి. అదే రోజుల్లో గుంటూరు జిల్లా పెదనందిపాడు చుట్టుపక్కల పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు భూమి శిస్తు కట్టడం మానేశారు. ఇక పల్నాడులో అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు పుల్లరి కట్టమంటే కట్టనన్నాడు కన్నెగంటి హనుమంతు. 1922లో పోలీసు కాల్పుల్లో ప్రాణం పోయింది. చావూ పన్నూ ఎదురెదురుగా నిలబడితే ఆ మనిషి పన్నుని కాదనుకున్నాడు. ఆ నేల మీద పుట్టినవాడు ఏసీ గదిలో కూర్చుని "తప్పదు బ్రో" అంటుంటే ఏమనాలి?

మన దగ్గర సాక్షాత్తూ చావు మీదే ఒక పన్ను ఉండేది, ఎస్టేట్ డ్యూటీ అని. 1953లో చట్టం తెచ్చారు. మనిషి పోయాక మిగిల్చిన ఆస్తి మీద వేసేవారు, మరీ పెద్ద ఆస్తులైతే రేటు 85 శాతం దాకా ఉండేది. వీపీ సింగ్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు 1985లో ఎత్తేశారు, వచ్చే డబ్బు కన్నా తలనొప్పే ఎక్కువని. సంపద పన్ను 2015 బడ్జెట్‌లో పోయింది. ఎవరి మీద వేసినవి పోయాయో ఒకసారి చూసుకోండి. అలాగే సబ్బు మీద 18 శాతం జీఎస్టీ ఎన్నాళ్లుందో, అది 5కి ఎప్పుడు దిగిందో కూడా (2025 సెప్టెంబరు 22). కూలికెళ్లే అమ్మకి రిటర్ను ఉండదు, పాన్ కార్డు కూడా ఉండకపోవచ్చు, కానీ బిస్కెట్ ప్యాకెట్ కొన్న ప్రతిసారీ ఆవిడ పన్ను కట్టింది, కడుతూనే ఉంది. ఆవిడకి నిజంగానే తప్పదు. ఈ కొటేషన్ ఆవిడ వాడితే నాకేం అభ్యంతరం లేదు.

తప్పించుకోగలిగినవాళ్ల సంగతి వేరు. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం ఆదాయపు పన్ను వేయదు, మంచిదే, నిజంగా సేద్యం చేసేవాడికి మిగిలేదే అంతంత మాత్రం. కానీ కంది చేనుకీ పెసర చేనుకీ తేడా తెలియని వాళ్లకి కూడా ఫామ్‌హౌస్ పుణ్యమా అని ఏటేటా వ్యవసాయ ఆదాయం పండుతూ ఉంటుంది. స్థలం బేరానికి వెళ్తే మొదటి ప్రశ్న రేటెంత అని కాదు, వైట్ ఎంత బ్లాక్ ఎంత అని. నిండా పద్ధతైన మనుషులు, పెళ్లిసంబంధం మాట్లాడినంత మర్యాదగా అడుగుతారు. సాయంత్రం వాళ్లే పార్టీలో "డెత్ అండ్ ట్యాక్సెస్ అండీ" అని గ్లాసు ఎత్తుతారు! జీతగాడికి ఆ వెసులుబాటు ఏది, డబ్బు చేతికి రాకముందే కోసేస్తారు కదా.

నేను పన్ను ఎగ్గొట్టమని చెప్పడం లేదు. రోడ్డు కావాలి, 108 రావాలి, బడిలో టీచరు ఉండాలి, వీటికి డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు. "తప్పదు" అనేసి చేతులు దులుపుకుంటే, ఎందుకు వేశారు, ఎవరి మీద వేశారు, ఎవర్ని వదిలేశారు అన్న ప్రశ్నలు అక్కడితో ఆగిపోతాయి, నా గొడవ అదీ. చావుని ఎవరూ సంజాయిషీ అడగలేరు, పన్ను వేసినవాణ్ణి అడగొచ్చు.

అడిగితే కదులుతుంది కూడా. నేను పోతే పిల్లలకి నాలుగు రూపాయలు మిగలాలని కట్టే టర్మ్ పాలసీ ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉండేది. బీమా ఉద్యోగుల సంఘం మొత్తుకుంటే 2024 జులైలో నితిన్ గడ్కరీ అంతటివాడు తమ ప్రభుత్వ ఆర్థికమంత్రికే లేఖ రాశాడు, అది బయటికొచ్చి రచ్చ అయింది, మరుసటి ఏడాది వ్యక్తిగత పాలసీల మీద పన్ను సున్నా చేశారు. అంతకుముందు 2022లో శవదహనం మీద కూడా 18 శాతం అని ఒక పుకారు ఊరంతా తిరిగింది. అంత్యక్రియల సేవలు జీఎస్టీ చట్టం మూడో షెడ్యూలులో ఉంటాయి, వాటి మీద పన్నే లేదు. ఆ 18 శాతం శ్మశానవాటికలు కట్టే కాంట్రాక్టు పనుల మీద. కానీ మనిషి పోయాక ఆదాయపు పన్ను లెక్కల పని మాత్రం ఉంటుంది. మా బాబాయి పోయిన ఏడాది ఆయన పెన్షన్, డిపాజిట్ల వడ్డీ లెక్కలన్నీ తీసి, పోయిన తేదీ దాకా రిటర్ను మా పిన్ని వేసింది, వారసురాలిగా పోర్టల్‌లో నమోదు చేసుకుని, డెత్ సర్టిఫికెట్ ఎక్కించి. రీఫండ్ రావాలి మరి, వదిలేస్తామా.

ఇంతకీ మీ జీతం స్లిప్పులో ప్రొఫెషనల్ ట్యాక్స్ (రాష్ట్రం వేసే వృత్తి పన్ను) అని 200 రూపాయలు ఉంటుంది, చూసుకున్నారా? ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా నెలకి 20 వేలు దాటిన జీతానికి అంతే. 21 వేల సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కీ 200, కోటి ప్యాకేజీ ఉన్న బాసుకీ 200. రాజ్యాంగం 276వ అధికరణ ప్రకారం ఏడాదికి 2,500 దాటి వసూలు చేయకూడదు, ఆ పరిమితి 1988 నుంచి అలాగే ఉంది. కనీసం కింది జీతాల వాళ్లకి తీసేయడానికి రాజ్యాంగం ఏమీ అడ్డు చెప్పదు, రాష్ట్రం తలుచుకుంటే చాలు. దీని మీద మీ ఎమ్మెల్యేని ఎప్పుడైనా అడిగారా, లేక స్టేటస్ పెట్టి ఊరుకున్నారా?