నా కూలీకి వైన్ తెలియదట!

మొన్నటి సంఘం ఆటల రాత్రికి వచ్చినవాళ్లకు మూడో టేబుల్ దగ్గర నేను గొంతు పెంచిన సంగతి తెలుసు. రానివాళ్లకు వాట్సాప్‌లో తెలిసే ఉంటుంది. నా వైపు చెప్పుకుందామంటే ఇంతలో రాఫిల్ డ్రా మొదలైపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆడింది డంజన్స్ అండ్ డ్రాగన్స్, 2014 నాటి ఐదో ఎడిషన్. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసి, పాచికలతో కథ నడిపే ఆట ఇది. నా పాత్ర ముప్పై ఏళ్లు ద్రాక్షతోటలో, పీపాల దగ్గర చాకిరీ చేసిన కూలీ. రాజుగారి విందులో ఒక సీసా మూత తీశారు. అందులో ఏదో తేడా. కనిపెట్టాలంటే ఇరవై ముఖాల పాచికలో పడిన అంకెకు పాత్ర సామర్థ్యం కలిపి 18 రావాలి. ఈ ఆటలో వైన్‌కంటూ స్కిల్ (నేర్పు) లేదు కాబట్టి ఆట నడిపే మన గేమ్ మాస్టర్ ‘వైన్ జ్ఞానం’ అని సొంతంగా ఒకటి చేర్చాడు. మంచి ఆలోచనే. కాకపోతే దాన్ని తీసుకెళ్లి ఇంటెలిజెన్స్‌కు, అంటే తెలివికి కట్టేశాడు. నాకు పాచికలో 17 పడింది. కూలీ కదా, తెలివికి ఒకటి కోత, 16. పక్కనున్న పండితుడికి పడింది 11. బోనస్ ఏడు కలిపితే సరిగ్గా 18. ఆ పండితుడు జన్మలో తోట మొహం చూసినవాడు కాదు!

“మీవాడు చదువుకోలేదు కదా అంకుల్, వైన్ గురించి వాడికేం తెలుస్తుంది?” అన్నాడు మాస్టర్. నా కోపం అంకుల్ అన్నందుకు కాదు. (సరే, కొంచెం అందుకు కూడా.)

ఇంతకీ ఆ సీసాలో తేడా ఏమిటయ్యా అంటే కార్క్ చెడింది. టీసీఏ అనే పదార్థం వైన్‌లోకి దిగితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. దాన్ని పట్టాల్సింది ముక్కు. ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ తోటలకు తరగతులు కట్టిన 1855 నాటి వర్గీకరణ కంఠతా పట్టినవాడు ఏ తోట ఏ తరగతిదో చెబుతాడు. పులియడం మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాలో తొట్టి దగ్గర నిలబడ్డవాడికి తెలుస్తుంది. వైన్ వడ్డించే నిపుణులకు పెట్టే మాస్టర్ సొమెలియే పరీక్షలో కూడా సిద్ధాంతం, రుచి చూడటం, వడ్డించడం వేర్వేరు భాగాలు. 1976లో పారిస్‌లో వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ సీసాల పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచి జడ్జీల్లో కొందరు కాలిఫోర్నియా వైన్‌ని తమ దేశానిదే అనుకున్నారు. వాళ్లకు చదువు తక్కువా?

వైన్‌కి ఒక్క స్కిల్ చాలన్న మన గేమ్ మాస్టర్ పద్ధతిలోనూ న్యాయం ఉంది. ఎప్పుడో ఒకసారి వచ్చే వైన్ కోసం ఐదు స్కిల్స్ రాస్తే పాత్ర వివరాల షీట్ నిండిపోతుంది, వాటిని ఎంచుకునేవాడూ ఉండడు. ఒక్క స్కిలే ఉండనివ్వండి. పనిని బట్టి దాన్ని వేరే సామర్థ్యంతో వేయించే వెసులుబాటు ఆ రూల్ పుస్తకంలోనే ఉంది. వాసన పట్టాలంటే విజ్డమ్ (గమనింపు, అనుభవం), తోట చరిత్ర చెప్పాలంటే ఇంటెలిజెన్స్, అతిథి మనసెరిగి సీసా ఎంచాలంటే కరిజ్మా (ఎదుటివాళ్లను మెప్పించే గుణం). మా కూలీకి విజ్డమ్ ప్లస్ మూడు. లెక్క మీరే వేసుకోండి.

డిగ్రీ ఉన్నవాడిదే జ్ఞానం అనుకోవడం మనకు పాత రోగం. ఇదే పత్రికలో నా పరిచయం వేస్తామంటే ముందు రెండు డిగ్రీలు రాసిచ్చింది నేనే, ఇంకెవరో కాదు.

బాబూ, కూలీ షీట్ చించకుండా దాచాను. ఆ సీసా ఇంకా రాజుగారి బల్ల మీదే ఉంది కదా. వచ్చే ఆటల రాత్రి మావాణ్ణి ఒక్కసారి వాసన చూడనివ్వు.