కళ్లు చదవలేనంత మాత్రాన మనసు లేనట్టా?

కనుబొమల నుంచి ముక్కు మధ్యదాకా ముఖాన్ని అడ్డంగా కత్తిరించిన నలుపు తెలుపు ఫొటో. దాని చుట్టూ నాలుగు మాటలు. ఆ కళ్లున్న మనిషి మనసు ఎలా ఉందో చెప్పే మాటను ఆ నాలుగింటిలోంచి ఎంచుకోవాలి. ఇలాంటి ఫొటోలు 36 ఉంటాయి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో సైమన్ బారన్-కోహెన్ బృందం 1997లో తయారు చేసి 2001లో సవరించిన ఈ పరీక్షను, ఆటిజం ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల మనసును ఎంతవరకు పసిగట్టగలరో కొలవడానికి ప్రపంచమంతటా విస్తృతంగా వాడుతున్నారు.

ముప్పై దాటాక ఆటిజం ఉందని తెలిసినవాణ్ని నేను. ఆ పరీక్షకు నేనూ కూర్చున్నాను. కనురెప్ప మీది మడత కనిపించింది, కనుబొమలో తక్కినవాటికి ఎదురు తిరిగిన రెండు వెంట్రుకలు కనిపించాయి, కంటిపాపలో పడిన వెలుగు చుక్క కనిపించింది. నాలుగు మాటలనూ ఒకదాని తర్వాత ఒకటి ఆ కళ్లకు అమర్చి చూస్తే నాలుగూ సరిపోయినట్టే ఉన్నాయి. పక్కన కూర్చున్న మా చెల్లెలు ఒక్కో ఫొటో మీద రెండు మూడు సెకన్లు కూడా ఆగకుండా చెప్పేస్తూ పోయింది. తేడా ఉంది, దాన్ని నేను కాదనను. ఆ తేడాకు ఏ పేరు పెడుతున్నాం, దాన్ని పట్టుకుని ఎంత దూరం వెళుతున్నాం అన్నదగ్గరే నా అభ్యంతరం.

2001 నాటి అధ్యయనంలో సాధారణ జనం నుంచి తీసుకున్న 122 మందికి 36కు సగటున 26.2 మార్కులు వచ్చాయి. ఆటిజం ఉన్న 15 మంది పెద్దవాళ్ల సగటు 21.9. ఫొటో చూడకుండా ఏదో ఒక మాట ఎంచుకుంటూ పోతే వచ్చేవి 9. అంటే ఆ పదిహేనుమందీ సగటున సగానికి పైగా ఫొటోలను సరిగ్గానే చదివారు. అయినా ఈ నాలుగు మార్కుల అంతరం జనంలోకి వచ్చేసరికి "ఆటిజం ఉన్నవాళ్లకు కళ్లలోని భావం తెలియదు" అన్న మాటగా, అక్కడి నుంచి మరో మెట్టు దిగి "వాళ్లకు ఎదుటివాళ్ల బాధ పట్టదు" అన్న మాటగా మారిపోయింది. తెలియకపోవడం వేరు, పట్టకపోవడం వేరు. మొదటిదాన్ని కొలిచి రెండోదాన్ని తీర్పుగా ఇవ్వడం అన్యాయం.

పైగా ఆ పరీక్షలో సరైన జవాబు ఎలా నిర్ణయమైందో చూడాలి. ఫొటోలు పత్రికల్లోంచి తీసుకున్నవి. ఫొటోలోని మనిషికి ఆ క్షణంలో నిజంగా ఏమనిపించిందో ఎవరూ అడగలేదు. పరిశోధకులే మాటలు ఎంచి, ఎనిమిదిమందికి చూపించి, కనీసం అయిదుగురు ఒప్పుకున్న మాటను సరైనదిగా నిలిపారు. కాబట్టి అది కొలిచేది మనసును చదవడాన్ని కాదు, ఎక్కువమంది చదివినట్టు చదవడాన్ని. నలుగురిలో మసలడానికి అదీ అవసరమే; కానీ రెండూ ఒకటి కావు.

మాటల చిక్కు ఇంకొకటి. కాంటెంప్లేటివ్, థాట్‌ఫుల్, పెన్సివ్, రిఫ్లెక్టివ్ అన్నవి అందులో నాలుగు వేర్వేరు ఫొటోలకు సరైన జవాబులు. తెలుగులో ఈ నలుగురినీ చూసి మనం అనేది ఒక్కటే, ఏదో ఆలోచనలో ఉన్నారని. స్కెప్టికల్, డౌట్‌ఫుల్, డిస్‌ట్రస్ట్‌ఫుల్, సస్పీషియస్ మరో నాలుగు. సందేహం, అనుమానం, అపనమ్మకం అని మనమూ కొంతవరకు విడదీయగలం గానీ, ఒక జత కళ్లను చూసి ఇది సందేహమే, అనుమానం కాదు అని తేల్చగలవాళ్లు తక్కువ. ఇక అలక ఆ జాబితాలో లేనే లేదు. అయినవాళ్ల మీద మాత్రమే చూపించే, బతిమాలితే తప్ప దిగిరాని ఆ భావం మన ఇళ్లలో చాలావరకు చూపులతోనే నడుస్తుంది. 2010లో జపాన్‌వాళ్లకూ తెల్లజాతి అమెరికన్లకూ ఇరుదేశాల కళ్ల ఫొటోలు చూపించినప్పుడు, ఎవరికి వాళ్లు తమవాళ్ల కళ్లనే మెరుగ్గా చదివారు. చూపును చదవడం అనేది కొంత పుట్టుకతో, కొంత పెరిగిన ఇంటితో వచ్చేదే.

నాట్యశాస్త్రం చెప్పిన దృష్టులూ, అంటే అభినయంలో చూపు తీర్లూ, 36. సంఖ్య కలవడం యాదృచ్ఛికమే గానీ నన్ను ఆలోచింపజేసింది. కూచిపూడి నేర్చుకునే పిల్లకు రెప్ప ఎంత దించాలో, కంటిపాప ఎటు తిప్పాలో గురువు ఏళ్ల తరబడి నేర్పుతారు. చూసేవాళ్లకు పాటలోని మాట, హస్తం, మెడ, నడక అన్నీ కలిసి భావాన్ని అందిస్తాయి. కంటి అభినయానికి అంత పెద్దపీట వేసిన సంప్రదాయం కూడా కళ్లను ఒంటరిగా నిలబెట్టి ప్రేక్షకుణ్ని పరీక్షించలేదు.

తన లోపల కలిగే భావాన్ని గుర్తించి పేరు పెట్టడం కష్టమయ్యే స్థితిని అలెక్సిథైమియా అంటారు. ఆటిజం ఉన్నవాళ్లలో దాదాపు సగంమందికి, లేనివాళ్లలో నూటికి అయిదుగురికి అది ఉంటుందని 2019లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. 2016లో ఓక్లీ, బర్డ్ తదితర పరిశోధకులు, అలెక్సిథైమియా స్థాయి రెండు వైపులా సమానంగా ఉండేలా జతపరిచి ఈ కళ్ల పరీక్షే పెడితే, ఆటిజం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మార్కుల్లో తేడా కనిపించలేదు. మార్కుల తగ్గుదల అలెక్సిథైమియాతో ముడిపడి ఉంది. దృశ్యాలు చూపించి పాత్రల ఆలోచనలను ఊహించమన్న మరో పరీక్షలో మాత్రం ఆటిజం ప్రభావం కనిపించిందని కూడా ఆ అధ్యయనంలోనే ఉంది, దాన్ని దాచకూడదు. నా మటుకు నాకు అలెక్సిథైమియా గురించిన ఆ ఫలితం చదివినప్పుడు చాలా సంగతులు అర్థమయ్యాయి. సాయంత్రం ఇంటికి వచ్చాక ఛాతీలో ఒక బరువు ఉంటుంది. అది భయమా, కోపమా, మధ్యాహ్నం భోజనం మానేసినందుకా అన్నది తేలడానికి ఒక్కోసారి తెల్లవారుతుంది. నాలో ఉన్నదానికే నాకు అంత ఆలస్యంగా పేరు దొరుకుతున్నప్పుడు, ముక్కూమొహం తెలియని మనిషి కళ్లలోని దానికి మూడు సెకన్లలో పేరు దొరకకపోవడాన్ని హృదయం లేకపోవడం అనకూడదు.

చూపు తిప్పుకోవడాన్ని లెక్కలేనితనంగా తీసుకోవడమూ ఇలాంటి పొరపాటే. 2017లో హడ్జిఖానీ బృందం మెదడు స్కాన్లతో జరిపిన అధ్యయనంలో, కళ్ల వైపే చూసేలా చేసినప్పుడు ఆటిజం ఉన్నవాళ్ల మెదడులో ముఖాలకు, భావాలకు స్పందించే లోపలి భాగాలు మామూలు కంటే ఎక్కువగా ఉద్రేకపడ్డాయి. అంటే అక్కడ ఉన్నది స్పందన లేకపోవడం కాదు, తట్టుకోలేనంత స్పందన. 2002లో ఆమీ క్లిన్ బృందం ఒక పాత హాలీవుడ్ సినిమా చూపిస్తూ చూపు ఎటు పోతోందో నమోదు చేసినప్పుడు, ఆటిజం ఉన్న యువకులు కళ్ల మీద తక్కువగా, నోటి మీద ఎక్కువగా చూపు నిలిపారు. నోటిని ఎక్కువగా చూసినవాళ్లే నలుగురితో మెరుగ్గా మసలుతున్నారన్నది ఆ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన విషయం. ఒక దారి మూసుకుంటే మనిషి మరో దారి వెతుక్కుంటాడు.

కొన్నేళ్ల కిందట ఒక స్నేహితుడు క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, వాళ్ల నాన్నగారిని ఐసీయూలో చేర్చిన రాత్రి గురించి చెప్పాడు. అతని ప్రతి మాటా వినాలని, టేబుల్ అంచున సన్‌మైకా ఊడిన చోట చూపు నిలిపి కదలకుండా కూర్చున్నాను. అతని కళ్లలోకి చూసి ఉంటే సగం మాటలు నాకు వినపడేవి కావు. చాలాకాలం తర్వాత అతను చెప్పాడు, ఆ రోజు నేను గోడలా కూర్చున్నానని, తనకు చాలా కష్టం అనిపించిందని. నేను అతని కళ్లు చదవలేకపోయినది నిజం. అతనూ నా కూర్చున్న తీరును చదవలేకపోయాడు. అయితే ఆ రెండో సంగతిని లోపంగా రాసుకునే పరీక్ష ఏదీ అతనికి ఎవరూ పెట్టరు.

తానూ ఆటిజం ఉన్న వ్యక్తే అయిన బ్రిటన్ సామాజికశాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించిన 'ద్వంద్వ సహానుభూతి సమస్య' సరిగ్గా ఇదే: అర్థం చేసుకోలేకపోవడం ఒక మనిషిలో ఉండేది కాదు, వేర్వేరుగా లోకాన్ని అనుభవించే ఇద్దరి మధ్య ఉండేది. 2016లో ఎడీ బృందం జరిపిన ప్రయోగంలో, త్రికోణాలను కదిలిస్తూ భావాలు చూపించమన్నప్పుడు, ఆటిజం ఉన్నవాళ్లు చూపించినదాన్ని ఆటిజం లేనివాళ్లు సరిగ్గా చదవలేకపోయారు.

ఇది మన దగ్గర ఆచరణలోకి ఎలా వస్తుందో చూడాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కింద ఆటిజం ధ్రువపత్రానికి వాడుతున్న భారతీయ కొలమానం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థలో తయారైంది. అందులో 40 అంశాలుంటే మొట్టమొదటిదే చూపు కలపకపోవడం. గుర్తింపు కోసం ఆ అంశం ఉండాల్సిందే. తర్వాత ఆటిజం నిర్ధారణ అయిన శిశువుల్లో ఎదుటివాళ్ల కళ్ల మీద చూపు నిలవడం రెండో నెల నుంచి ఆరో నెల మధ్యే తగ్గుతూ వస్తుందని 2013లో జోన్స్, క్లిన్ చూపించారు. కానీ జ్వరమాని మీద గీత దించడం జ్వరానికి వైద్యం కానట్టే, ఆటిజం గుర్తును మాపడం పిల్లలకు సాయం కాదు. ఒక థెరపీ సెంటర్లో నాలుగేళ్ల బాబు ముందు చిప్స్ ముక్కను తన కళ్ల మధ్య పట్టుకుని "నా వైపు చూడు, చూస్తేనే ఇస్తా" అంటున్న టీచర్‌ను చూశాను. బాబు చూశాడు, చిప్స్ తీసుకున్నాడు. అతను చూసింది చిప్స్‌నే. ఆ అరగంటలో "ఇప్పుడు నాకు సంతోషంగా ఉంది", "ఇప్పుడు నాకు నొప్పి పుట్టింది" అని ఆమె ఒక్కసారి మాటల్లో చెప్పి ఉంటే ఆ బాబుకు ఎక్కువ దక్కేదని నా నమ్మకం.

మా ఇంట్లో ఆ పని అమ్మ చేసింది. స్టీలు గ్లాసును గట్టు మీద పెట్టే చప్పుడు బట్టి ఆమె మనసు నాకు చిన్నప్పటి నుంచీ కొంత తెలిసేది, కళ్ల నుంచి మాత్రం ఏమీ అందేది కాదు, "ముఖం చూస్తే తెలియట్లేదా?" అన్న మాట ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. నాకు ఆటిజం అని తెలిశాక ఆ మాట మానేసింది. ఇప్పుడు గ్లాసు చప్పుడు గట్టిగా వినిపించి నేను వంటింటి గుమ్మం దగ్గర ఆగితే, వెనక్కి తిరగకుండానే చెబుతుంది, "అలక కాదురా, అలసట."