పేజీకి 367 పౌన్లు

మా వీధి కిరాణా కొట్టాయన అణా వక్కపొడి అడిగినా తూకం వేసే ఇస్తాడు. ఇంగ్లీషు నవలలకిచ్చే బుకర్ బహుమతి వాళ్ళ దగ్గర ఆ పద్ధతి లేదని 2024 నవంబరులో తేలిపోయింది. సమంతా హార్వే అనే బ్రిటిష్ రచయిత్రి ‘ఆర్బిటల్’ నవలకి 50,000 పౌన్లు చేతిలో పెట్టి పంపారు. పుస్తకం చూడబోతే 136 పేజీలు. భాగించి చూశాను, పేజీకి 367 పైచిలుకు పడింది. అదే 2013లో 832 పేజీల ‘ద ల్యూమినరీస్’ రాసి అదే బహుమతి కొట్టిన న్యూజిలాండ్ రచయిత్రి ఎలినార్ కాటన్‌కి గిట్టింది పేజీకి 60. న్యూజిలాండ్‌లో ఎవరూ ధర్నాకి దిగలేదంటే అది వాళ్ళ మంచితనం.

పోనీ, పలచనైతేనేం, లోపల సరుకుంటే చాలనుకుని చదివాను. ఆరుగురు వ్యోమగాములు అంతరిక్ష కేంద్రంలో ఉంటారు. ఒక రోజు గడుస్తుంది. అయిపోయింది. హత్య లేదు, గ్రహాంతరవాసి లేడు, ఆక్సిజన్ గొట్టం తెగదు. నలుగురు మగాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు నెలల తరబడి ఒకే కొంపలో ఉంటే మన సీరియల్ వాళ్ళు వెయ్యి ఎపిసోడ్లు పిండేవారు. వీళ్ళు ఎలుకల మీద ప్రయోగాలు చేస్తారు, కండలు కరిగిపోకుండా కసరత్తు చేస్తారు, కిటికీకి అతుక్కుపోయి భూమిని చూస్తారు. ఫిలిప్పీన్స్ మీదికి తుపాను పోతుంటే దాన్నీ పైనుంచి చూడటమే. జపాన్ అమ్మాయి చియేకి తల్లి పోయిందని కబురొస్తుంది. కడసారి చూపుకి దిగే దారి లేదు. అక్కడ నాకు గొంతు కొంచెం పట్టేసిన మాట నిజమే గానీ, విమర్శకుడన్నవాడు అలాంటివి లెక్కలో వేసుకోకూడదు.

కథ అనదగ్గది ఒకే ఒక్కచోట దొరికింది. కింద దేశాల మధ్య తగాదాల వల్ల పైన ఎవరి దేశపు మరుగుదొడ్డి వాళ్ళే వాడుకోవాలట! భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున కూడా గట్టు తగాదా. ఇంత చక్కటి రచ్చబండ సరుకు చేతిలో పెట్టుకుని ఆవిడ రెండు ముక్కల్లో దాటేసింది. మా బాబాయికి ఇస్తే దాని మీదే మూడు సంపుటాలు రాసేవాడు.

ఇంకో ఇబ్బంది, అక్కడ రోజుకి 16 సార్లు పొద్దు పొడుస్తుంది, 16 సార్లు కుంకుతుంది. సంధ్యావందనం చేసేవాడు పైకెళ్తే చేతిలో నీళ్ళు ఆరేదెప్పుడు? అసలక్కడ నీళ్ళు వదిలితే కింద పడనే పడవు. ఇంత ధర్మసందేహం నవల పొడుగునా ఎవరికీ రాలేదు.

ఆ ఏటి బుకర్ న్యాయనిర్ణేతల పెద్ద ఎడ్మండ్ డి వాల్ పింగాణీ పాత్రలు చేసే కళాకారుడు. లోపల ఖాళీ ఉంటేనే పాత్రకి విలువన్న సంగతి ఆయనకి తెలుసు, అదీ అసలు కిటుకు. “ఏమీ జరగదు, నిద్రొచ్చింది” అని పాఠకులు మొత్తుకుంటూనే ఉన్నారు, పుస్తకం అమ్ముడుపోతూనే ఉంది. పైగా రచయిత్రి, తాను ఎన్నడూ వెళ్ళని అంతరిక్షం గురించి రాసే హక్కు తనకెక్కడిదని జంకి, మధ్యలో రాయడం మానేసిందట. ఆ జంకే అంటువ్యాధి అయితే మన పత్రికల ఆదివారం అనుబంధాలు ఖాళీగా వస్తాయి.

చెప్పిన కథని కంచికి పంపడం మన ఆచారం. ఈ కథ ఎప్పుడో కంచి మీదుగా కూడా పోతుంది గానీ దిగదు.

నిన్న చీకటి పడ్డాక డాబా ఎక్కాను. మిణుకు మనకుండా ఒక చుక్క నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటిపోయింది.

“అంతసేపు ఏం చూస్తున్నారండీ?” కిందనుంచి మా ఆవిడ.

“ఏమీ లేదు.”

చేతులు తుడుచుకుంటూ తనూ పైకొచ్చింది.