మోకాలిలోకి ఎక్కిన సూదికి ఒక రిటైర్డ్ కండక్టర్ రాయునది

మహారాజశ్రీ స్టిరాయిడ్ ఇంజెక్షన్ గారికి,

నల్లగొండ నుంచి ఒక రిటైర్డ్ బస్సు కండక్టర్ నమస్కరించి రాయునది. ఉత్తరం అన్నాక ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టాలని చిన్నప్పుడు బడిలో నేర్పారు. కానీ ఇప్పుడు కుశలం నీ ఒక్క వైపే ఉంది కాబట్టి ఆ మాట రాయడం లేదు. ‘గారు’ కూడా పైన ఒక్కసారితోనే సరి, ఇక్కడి నుంచి నువ్వు అనే పిలుస్తా. నా ఎడమ మోకాలి లోపలికి వచ్చి కూర్చున్నదానివి, మన మధ్య ఇంకా మొహమాటం ఏంది.

31 ఏళ్లు నిలబడి టికెట్లు కొట్టినోణ్ణి. దేవరకొండ రూటులో ఏ గుంత ఎక్కడుండేదో రోడ్డు వేసినోళ్లకన్నా నా మోకాళ్లకే బాగా గుర్తు. రిటైరైన ఏడాదికే ఎడమది మొరాయించింది. ఎక్స్‌రే లైటుకు పెట్టి చూసిన డాక్టరు ‘గుజ్జు అరిగిపోయింది’ అన్నాడు. మా దిక్కు యాభై దాటినోళ్లున్న ప్రతి ఇంట్లో వినబడే మాటే కాబట్టి నాకు పెద్దగా బాధనిపించలేదు. తర్వాత ‘ఒక సూది వేస్తా, రెండు మూడు నెలలు ఫికర్ ఉండదు’ అన్నాడు. ఒక కాగితం ఇచ్చారు, రెండు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. నర్సమ్మ ‘ఇక్కడ’ అని వేలు పెట్టిన చోట సంతకం పెట్టా. టికెట్ వెనక ఏం రాసుందో చదువుకోమని వేల మందికి చెప్పినోణ్ణి, నా టికెట్ మాత్రం తిప్పి చూసుకోలేదు.

నా సర్వీసులో ఒక సంగతి బాగా తెలుసుకున్నా. పెళ్లివాళ్లు బస్సెక్కితే ముందెక్కిన పెద్దమనిషిని చూడొద్దు, వెనక తలుపు చూడాలి. తెల్ల చొక్కా పెద్దమనిషి ముందు నిలబడి ‘అందరివీ నేనే తీసుకుంటా’ అంటుంటాడు, వెనక నుంచి టికెట్ లేకుండా పదిహేను మంది ఎక్కి కిటికీ సీట్లలో కూర్చుంటారు. నువ్వు ఆ తెల్ల చొక్కా పెద్దమనిషివే. నీతోపాటు ఎవరెవరు ఎక్కారో నాకు ఒక్కొక్కరే తర్వాత కనబడ్డారు.

మొదటివాడు ఆ రాత్రికే లేచాడు. నొప్పి తగ్గడానికి వేయించుకున్న సూదికి మోకాలు బుర్రగుమ్మడికాయలా వాచి, చేయి పెడితే వేడి. ఫోన్ చేస్తే, ‘కొందరికి ఒకటి రెండు రోజులు అట్లనే ఉంటది, ఐస్ పెట్టు, తగ్గకపోయినా జ్వరం వచ్చినా మాత్రం వెంటనే రా’ అన్నారు. ఆ చివరి ముక్క ఎందుకన్నారో తర్వాత తెలిసింది. అరుదుగానే అయినా సూదితోపాటు కీలులోకి చీము పట్టే ఇన్ఫెక్షన్ పోవచ్చట, దాన్ని ఐస్ ముక్కలతో నానబెడుతూ కూర్చుంటే కీలే పోతుందట. ఈ మాట సూదికి ముందు చెప్పాలా, అర్ధరాత్రి ఫోన్‌లో చెప్పాలా?

రెండో రోజు పొద్దున అద్దంలో ముఖం మండుతున్నట్టుంది. మా ఇంటామె చాయ్ గ్లాసు పెడుతూ, ‘పొద్దుపొద్దున్నే ఎవరితోని కొట్లాడిన్రు, ముఖమంతా గట్ల కందిపోయింది?’ అంది. రాత్రంతా నిద్ర లేదు, అదీ నీ పుణ్యమే. మధ్యాహ్నం ఎందుకో అనుమానమొచ్చి వేలు గుచ్చుకుని షుగర్ చూసుకున్నా. మిషన్ మీద 326. నాకు షుగర్ ఉన్నా, తిన్న తర్వాత కూడా 180 దాటింది ఎన్నడూ లేదు. మిషన్ పాడైందేమోనని మా ఇంటామె వేలు గుచ్చి చూశా, ఆమెకు 104. (ఆ గుచ్చినందుకు నాకు పడిన తిట్లు నీ ఖాతాలో రాశా.) షుగర్ ఉన్నోళ్లకు నువ్వు దిగాక కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా షుగర్ పైనే ఉంటుందట. ఆ వారం రోజూ చూసుకోవాలి, అవసరమైతే మందు డోసు డాక్టరునడిగి సర్దుకోవాలి. ఆస్పత్రిలో నన్ను గుర్తుపట్టి ‘ఏ డిపో మనది’ అని ఐదు నిమిషాలు ముచ్చట పెట్టినోళ్లకు ‘షుగర్ ఉందా’ అని అడగడానికి మాత్రం టైమ్ దొరకలేదు.

ఇప్పుడు న్యాయంగా ఒక మాట. నాలుగో రోజు పొద్దున లేచి బాత్‌రూమ్‌కు నడిచిపోయి, తిరిగొచ్చాక గుర్తొచ్చింది, గోడ పట్టుకోలేదని. నొప్పి లేదు. తగ్గడం కాదు, లేదు! ఏడాదిన్నర తర్వాత బాసిపట్లు వేసుకుని కింద కూర్చుని అన్నం తిన్నా. ఆ సంతోషంలో నేను చేసిన తెలివితక్కువ పని కూడా ఒప్పుకుంటా. ఆ వారమే అమావాస్య వస్తే, బస్సెక్కి చెర్వుగట్టు పోయి గుట్ట మెట్లన్నీ ఎక్కా. రామలింగేశ్వర స్వామి నన్ను చూసి నవ్వుకునే ఉంటాడు. నువ్వు నొప్పి నోరు మూయించావు గానీ అరిగిన గుజ్జును మళ్లీ మొలిపించలేదు కదా. దిగేటప్పుడు అది గుర్తు చేసింది. కొన్ని రోజులు మోకాలికి పెద్ద పని చెప్పొద్దని సూది వేసినప్పుడే అన్నారు, ఆ ఒక్కటి మాత్రం చెప్పారు, విననిది నేను.

రెండు నెలలకు సూది దిగిన చోట రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ వచ్చింది, వేలు పెడితే కొంచెం లోపలికి పోయినట్టుంది. మనవడు దాని మీద బాల్‌పెన్‌తో కళ్లు, ముక్కు గీశాడు. మందు చర్మం కిందికి కారితే అక్కడి రంగు, కొవ్వు రెండూ పోతాయట, చాలామందికి మెల్లగా సర్దుకుంటుందట. మచ్చకు నాకేం బాధ లేదు, 60 దాటాక మోకాలి అందం ఎవరికి కావాలి.

నా కోపం నీ మీద కన్నా నిన్ను చాక్లెట్లలా పంచే అలవాటు మీద. మా ఊళ్లో ఒక పెద్దమ్మ ఉండేది. అంగడి రోజు పోయి కూరగాయలతోపాటు ఒక సూది కూడా కొనుక్కొచ్చేది, చేయి మీద, ఏ మందో ఆమెకూ తెలియదు. కీళ్లనొప్పులు మాయం. ఏడాదిలో ముఖం గుండ్రంగా నిండింది, ‘పెద్దమ్మ మంచిగైంది, ఒళ్లొచ్చింది’ అని ఊరంతా సంతోషపడ్డాం. అది ఒళ్లు కాదు, నువ్వు. ఒకరోజు నీళ్ల బిందె ఎత్తబోతే నడుములో ఎముక విరిగింది. కంట్లో శుక్లాలు కూడా అప్పుడే బయటపడ్డాయి. ఇంకో సంగతి, కిడ్నీల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులని ఉంటాయి, నీలాంటి సరుకు ఒంటికి కావలసినంత అవే తయారు చేస్తాయి. బయటి నుంచి అద్దె బస్సులు దండిగా తెప్పిస్తే డిపో డ్రైవర్లు ఇంటికి పోయి పడుకున్నట్టు, ఆ గ్రంథులు పని మానేస్తాయి. అప్పుడు అద్దె బస్సులు ఒక్కసారిగా ఆపేస్తే తీయడానికి మనిషుండడు, ప్రాణం మీదికొస్తుంది. అందుకే అలవాటైన స్టిరాయిడ్ ఎవరూ సొంతంగా టక్కున ఆపొద్దు.

మా జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయినోళ్లకు కూడా నొప్పి అనగానే ఇదే సూది పొడిచేవాళ్లను చూశా. నీళ్లు చేసిన పనికి నువ్వేం చేస్తావు పాపం.

నీ పుట్టుక గొప్పదే, కాదనను. 1948లో అమెరికాలో హెంచ్ అనే డాక్టరు కీళ్లవాతంతో మంచం పట్టిన 29 ఏళ్ల ఆమెకు నీ పూర్వీకుడు కార్టిజోన్ ఇస్తే కొన్ని రోజులకే లేచి నడిచింది, 1950లో ఆయనకూ మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నీ వెనక ఎక్కిన గుంపు సంగతి బయటపడటానికి కూడా ఎక్కువ కాలం పట్టలేదు. 2017లో అక్కడిదే ఇంకో లెక్క వచ్చింది. మోకాళ్లు అరిగిన 140 మందిలో సగం మందికి నిన్ను, సగం మందికి ఉత్త సెలైన్‌ను మూడు నెలలకోసారి రెండేళ్లు ఇచ్చి చూశారు. రెండేళ్ల తర్వాత నొప్పిలో పెద్ద తేడా లేదు, గుజ్జు మాత్రం నీ వాళ్లకే ఎక్కువ అరిగింది. ఇది చదివిన రోజు నేను ఎక్స్‌రే కవరు తీసి మళ్లీ బీరువాలో పెట్టుకున్నా.

అయినా నిన్ను బస్సు దించడం లేదు. నువ్వు అల్లుడిలాంటిదానివి, పండగకు రా, మర్యాద చేస్తాం, ఇల్లరికం మాత్రం కుదరదు. ఒకే మోకాలికి మూడు నెలల లోపు మళ్లీ రావద్దు, ఏడాదికి మూడు నాలుగుసార్లు మించొద్దు. రేపు మోకీలు మార్పిడి చేయించుకోవాల్సి వస్తే దానికి ముందు మూడు నెలలు గడప తొక్కొద్దు, ఇన్ఫెక్షన్ భయం. వచ్చే రోజు నీ వెంట ఎవరెవరు ఎక్కుతున్నారో పేర్లన్నీ తెలుగులో రాసి తీసుకురా, వెనక తలుపు దగ్గర నేనే నిలబడతా.

ఇట్లు,
ఎడమ మోకాలి తరఫున, రిటైర్డ్ కండక్టర్, నల్లగొండ

తాజాకలం: కుడి మోకాలు కూడా రెండు రోజులుగా టక్కుమంటోంది. మా ఇంటామెకు ఇంకా చెప్పలేదు.